ఫోర్క్‌లిఫ్ట్ సాలిడ్ టైర్లు (గాలి లేని, నిండు రబ్బరువి) తొందరగా పోతున్నాయా?

సమస్య: బరువెత్తగానే బండి ఒక పక్కకి వాలుతోంది.
మాస్టు (ముందుండే, బరువెత్తే స్తంభం) చైన్ల జోలికి వెళ్ళకముందు టేపు తీసుకుని ముందు టైర్లు రెండూ కొలవండి. దయచేసి ఈ ఒక్క పని చేయండి, ఎవరూ చేయరు. ఒకటి కొత్తది, ఒకటి అరిగినదైతే బండి వాలక తప్పదు. ముందు టైర్లు జతగానే మార్చాలి. గాలి టైర్లయితే పొద్దున బండి కదలకముందే గాలి చూడాలి.

సమస్య: కొత్త సాలిడ్ టైరు కొన్ని నెలలకే పాడైపోతోంది.
అంచుల్లో కోతలు పడి పెచ్చులు లేస్తుంటే తప్పు నేలది: ఇనప ముక్కలు, కంకర, డాక్ ప్లేటు (లారీకీ గోడౌనుకీ మధ్య వేసే ఇనప పలక) అంచు. నేల ఊడ్పించండి, అంచు సరిచేయించండి.

పైకి బాగానే ఉండి రిమ్ము దగ్గర రబ్బరు విడిపోతోందా? జిగటగా మారి కాలిన వాసన వస్తోందా? అది వేడి. ఇది తెలియకే టైరు నాసిరకమని తిట్టుకుంటూ ఇంకో కంపెనీది వేస్తారు. అదీ అలాగే పోతుంది. చక్రం తిరిగినంతసేపూ బరువు కింద రబ్బరు నలుగుతూ తేరుకుంటూ ఉంటుంది, ఆ నలుగుడుకే వేడి పుడుతుంది. రబ్బరు వేడిని త్వరగా బయటికి వదలదు. లోపల ఉడుకుతున్నా పైన చెయ్యి పెడితే తెలియదు. లారీ పక్కనే ఎత్తి దించే పనిలో అయితే మధ్యమధ్య చల్లారుతుంది. గోడౌను నుంచి యార్డు చివరిదాకా ఆగకుండా, వేగంగా, మే నెల ఎండలో తిరిగితే చల్లారే సందు ఉండదు. డ్రైవర్ని అడిగితే "దగ్గరేనండీ" అంటాడు. మీరే ఒక లోడు వెంట నడిచి చూడండి.

దూరం మోయడానికి ట్రాలీ పెట్టండి, ఫోర్క్‌లిఫ్ట్‌ని ఎత్తడానికి, దించడానికే వాడండి. అది కుదరకపోతే వేగం తగ్గించండి, ఓవర్‌లోడ్ మానండి. యార్డులో మేకులూ రేకులూ లేకపోతే గాలి టైర్లే మేలు.

సమస్య: చక్రం జారుతోంది.
రీచ్ ట్రక్కుల (గోడౌనులో ఎత్తైన ర్యాకుల మధ్య తిరిగే ఫోర్క్‌లిఫ్టులు) పాలీయురెథేన్ చక్రాలు, అంటే గట్టి ప్లాస్టిక్ లాంటివి, పొడిగా, నున్నగా ఉండే నేలకే. తడిలోకి, యార్డులోకి పంపొద్దు.

సమస్య: నేల మీద నల్ల చారలు.
మందుల, ఆహారపు గోడౌన్లలో తెల్ల టైర్లు వేయండి. నల్లవాటికంటే ముందే అరుగుతాయి, ఆ ఖర్చుకి సిద్ధపడాలి.

వంగిన రిమ్ము, పోయిన బేరింగు అరుదు. పైవన్నీ చూశాకే వాటి సంగతి.

రెండు ముక్కల రిమ్ము ఉన్న గాలి టైరు విప్పేటప్పుడు మాత్రం, నట్టు మీద పానా పెట్టకముందే వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలేయండి. గాలి ఉండగా రిమ్ము విడిపోతే ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం పోతుంది.