రెసిడెన్సీకి ముందు అమెరికాలో ఎన్ని రొటేషన్లు చేయాలి?

అమెరికాలో రెసిడెన్సీ (పీజీ శిక్షణ) కోసం స్టెప్ పరీక్షలు (అక్కడి లైసెన్స్ పరీక్షలు) రాసి, రొటేషన్ల కోసం, అంటే ఆసుపత్రుల్లో కొన్ని వారాలు అనుభవం కోసం, అక్కడ దిగే మన తెలుగు డాక్టర్లందరూ ముందు అడిగేది ఒకటే: "ఎన్ని చేస్తే మ్యాచ్ అవుతుంది?" మ్యాచ్ అంటే రెసిడెన్సీ సీటు రావడం. సీనియర్లలో ఒకరు రెండు చాలంటారు, ఇంకొకరు తాము ఆరు చేశామంటారు. వినేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది.

ముందు మీకు ఎన్ని ఎల్ఓఆర్‌లు (సిఫారసు లేఖలు) కావాలో లెక్కేసుకోండి. రెసిడెన్సీకి అప్లై చేసే ఆన్‌లైన్ వ్యవస్థ ఈరాస్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కి పంపగలిగేది ఎక్కువలో ఎక్కువ 4. వాటిలో మూడు, అమెరికాలో మిమ్మల్ని నెల రోజులు దగ్గరుండి చూసిన అటెండింగ్‌లు (సీనియర్ డాక్టర్లు) రాసినవైతే మీ చేతిలో మంచి అప్లికేషన్ ఉన్నట్టే. అందుకే ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్, ఫ్యామిలీ మెడిసిన్, సైకియాట్రీ వైపు వెళ్లేవాళ్లకి నాలుగేసి వారాల రొటేషన్లు మూడు చాలని నా అభిప్రాయం. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి మూడూ ఒకే ట్రిప్పులో అయిపోతాయి. మీ గడువు ఎంతో మాత్రం ఐ-94 అనే ప్రవేశ రికార్డులో చూసుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఇంటర్నల్ మెడిసిన్‌లో ఈ మధ్య సీజన్లలో ఒక్కొక్కరికి 3 గోల్డ్, 12 సిల్వర్ సిగ్నల్స్ ఇస్తున్నారు. సిగ్నల్ అంటే ఆ ప్రోగ్రామ్ మీద మీకు ఆసక్తి ఉందని అప్లికేషన్‌లో చెప్పడం, గోల్డ్ అంటే అన్నిటికన్నా ఎక్కువ ఆసక్తి. రొటేషన్ చేసిన చోటికి సిగ్నల్ పంపకపోతే మీకు అక్కడ ఆసక్తి లేదనుకునే ప్రమాదం ఉంది. ఐదారు చోట్ల చేసినవాళ్లకి గోల్డ్ ఎవరికివ్వాలో తేలదు. నాలుగో రొటేషన్‌కి అయ్యే ఫీజు, అద్దె, ఊబర్ ఖర్చు కూడా కలిపి చూడండి. 2022 జనవరి నుంచి స్టెప్ 1 పాస్ లేదా ఫెయిల్ అయిపోయింది కాబట్టి ప్రోగ్రామ్‌లు ముందుగా చూసే అంకె స్టెప్ 2దే. ఆ పరీక్ష ఇంకా రాయనివాళ్లు నాలుగో నెలని చదువుకి పెట్టడం మేలు.

ఆర్థోపెడిక్స్, న్యూరోసర్జరీ లాంటివాటికి ఈ లెక్క పనికిరాదు. అక్కడ రొటేషనే సగం ఇంటర్వ్యూ. అమెరికా విద్యార్థులే తమ కాలేజీ వదిలి వేరేచోట్ల నెలలు గడుపుతారు. ఎంబీబీఎస్ అయి చాలా ఏళ్లయినవాళ్లు కూడా తాజా అనుభవం చూపించడానికి ఒకటి ఎక్కువ చేయొచ్చు.

ఇంకా ఫైనలియర్‌లోనో హౌస్ సర్జెన్సీలోనో ఉన్నవాళ్లకి గట్టిగా చెప్తున్నాను: ఎలెక్టివ్ (విద్యార్థిగా చేసే రొటేషన్) దొరికే అవకాశం ఇప్పుడే. విద్యార్థిగా వెళ్తే పేషెంట్‌ని పరీక్షించనిస్తారు, హిస్టరీ తీసుకోనిస్తారు. డిగ్రీ చేతికొచ్చాక ఎక్కువగా దొరికేది అబ్జర్వర్‌షిప్, అంటే చూడ్డమే. హౌస్ సర్జన్‌ని విద్యార్థి కింద లెక్కేసే యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి, లెక్కేయనివీ ఉన్నాయి. ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు దాచుకోండి.

చోటు ఎంచుకునేటప్పుడు ఆ ఆసుపత్రికి సొంత రెసిడెన్సీ ఉందా, ఇప్పుడున్న రెసిడెంట్లలో మన దేశంలో చదివినవాళ్లు ఎంతమంది, వీసా స్పాన్సర్ చేస్తారా అని ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో చూడండి. మూడింటిలో కనీసం రెండు ఇలాంటి చోట్లే ఉండాలి. తెలిసిన తెలుగు డాక్టరుగారి క్లినిక్‌లో ఒక నెల చేయడంలో తప్పులేదు, కానీ మూడూ అక్కడే చేస్తే వార్డులో మీరెలా పనిచేస్తారో చెప్పేవాళ్లుండరు.

అప్లికేషన్లు సెప్టెంబర్ చివర్లో ప్రోగ్రామ్‌లకి చేరతాయి కాబట్టి ఆఖరి రొటేషన్ ఆగస్టుకల్లా ముగియాలి. జులైలో కొత్త ఇంటర్న్‌లు చేరతారు, అటెండింగ్‌ల దృష్టంతా వాళ్లమీదే ఉంటుంది. కుదిరితే ఆ నెల వదిలేయండి.

బయల్దేరే ముందే మీజిల్స్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి టైటర్లు (యాంటీబాడీ రక్తపరీక్షలు) ఇక్కడే చేయించుకోండి. మనకి బీసీజీ వేస్తారు కాబట్టి టీబీ స్కిన్ టెస్ట్ పాజిటివ్ రావచ్చు. దానికి బదులు టీబీ రక్తపరీక్ష రిపోర్టు ఒప్పుకుంటారేమో ఆసుపత్రిని అడగండి. ఎయిర్‌పోర్టులో ఆసుపత్రి ఇచ్చిన లెటర్ చూపించి, జీతం లేని రొటేషన్‌కి వచ్చానని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అబ్జర్వర్‌కి చాలాచోట్ల ఎపిక్ (పేషెంట్ల రికార్డుల సాఫ్ట్‌వేర్) లాగిన్ ఇవ్వరు, నోట్స్ రాయనివ్వరు. అయినా ఊరికే వెనక నిలబడకండి. మొదటి వారంలోనే ఒక రెసిడెంట్‌ని అడిగి ఒక్క పేషెంట్ కేసు దగ్గరగా ఫాలో అవ్వండి. రక్తంలో సోడియం 124కి తగ్గిన పెద్దావిడ అనుకుందాం. వాడుతున్న మందుల్లో సోడియం తగ్గించే థయజైడ్ ఉందా, యూరిన్ ఆస్మోలాలిటీ (మూత్రం గాఢత) పరీక్షకి పంపారా, సోడియం రోజుకి ఎంత పెంచాలి అన్నవి రాత్రి చదువుకుని, మర్నాడు రౌండ్స్‌లో అవకాశమిస్తే రెండు నిమిషాల్లో చెప్పండి. అటెండింగ్ మీ పేరు గుర్తుపెట్టుకునేది అలాంటి ఉదయాల్లోనే. అన్నట్టు, "సర్" అనే అలవాటు పక్కనపెట్టి, ఇంటిపేరుకి ముందు డాక్టర్ చేర్చి పిలవండి.

లెటర్ ఆఖరి రోజున అడగొద్దు, మూడో వారంలో అడగండి. "నా గురించి గట్టిగా రాయగలరా?" అన్నదే ప్రశ్న. తటపటాయిస్తే థాంక్స్ చెప్పి వదిలేయండి. జనవరిలోనో ఫిబ్రవరిలోనో రొటేషన్ చేసినవాళ్లకి ఒక చిక్కుంది: ఆ ఏడాది ఈరాస్ జూన్ ప్రాంతంలో గానీ తెరుచుకోదు, అప్పటిదాకా లెటర్ అప్‌లోడ్ చేయడానికి డాక్టరుగారికి ఇవ్వాల్సిన ఫారం రాదు. అందుకని మీరు గుర్తున్నప్పుడే లెటర్ రాసి పెట్టుకోమని డాక్టరుగారిని కోరండి. ఫారం రాగానే దానికి మీ సీవీ, మీరు ఫాలో అయిన కేసులు జతచేసి ఈమెయిల్ పంపండి. అప్‌లోడ్ అయిందో లేదో రెండు వారాలకోసారి చూసుకుంటూ ఉండండి.