మీ కారు మీ చేతుల్లో – 6వ పాఠం: థర్మోస్టాట్ మార్చాక కూలెంట్ కారుతుంటే

పోయిన పాఠంలో థర్మోస్టాట్ మార్చుకున్నాం, అంటే ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) దారిని తెరిచి మూసే వాల్వు. కొత్తది కూర్చోబెట్టి, కూలెంట్ నింపి, బండి స్టార్ట్ చేస్తే టెంపరేచర్ ముల్లు ఉండాల్సిన చోటే నిలిచింది. తీరా మర్నాడు పొద్దున బేస్‌మెంట్‌లోకి దిగితే బండి కింద పచ్చటి మరక కనిపించింది అనుకోండి. టెన్షన్ పడటం సహజమే. కానీ ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు తరచుగా ఎదురయ్యేదే ఇది, చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. మరక కనబడగానే స్పానర్ అందుకుని హౌసింగ్ (థర్మోస్టాట్ మీద బిగించే మూత) బోల్టులు ఇంకో చుట్టు బిగించకండి. ఈమధ్య వస్తున్న చాలా కార్లలో ఆ హౌసింగ్ ప్లాస్టిక్‌ది. అల్యూమినియందైనా బోల్టు దూరే చెవి దగ్గర పల్చగానే ఉంటుంది. జాయింటు మధ్య ఉండే ప్యాకింగ్ (గ్యాస్కెట్) సరిగ్గా కూర్చోకపోవడం వల్ల కారుతుంటే ఎంత బిగించినా ఆగదు, పైగా చెవి పగులుతుంది. ఎక్కడ కారుతోందో కళ్లతో చూసే దాకా బోల్టు జోలికి వెళ్లొద్దు.

కారేది కూలెంటేనా?

ఏసీ వేసుకుని వచ్చి ఆపితే బండి కింద నీళ్లు పడతాయి. వాటికి రంగూ వాసనా ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య జారుడుగా ఉంటుంది, కొంచెం తీపి వాసన వేస్తుంది. తెల్ల టిష్యూ పేపర్ అద్దితే రంగు తెలిసిపోతుంది. నాలుక మీద మాత్రం పెట్టుకోకండి. అందులో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, అది విషం.

కూలెంటే అని తేలినా అది కొత్త లీకు కాకపోవచ్చు. హౌసింగ్ విప్పినప్పుడు ఒలికింది ఇంజిన్ సందుల్లో, గేర్‌బాక్స్ పైనున్న గుంటల్లో నిలిచి ఒకటి రెండు రోజులు చుక్కలుగా రాలుతుంది. అందుకే ముందు శుభ్రం చేయాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో హౌసింగ్ చుట్టూ, పైపుల కింద తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఆల్టర్నేటర్ మీద నీళ్లు పడనివ్వకండి. కింద ఒక అట్టముక్క పరిచి, రిజర్వ్ ట్యాంకు మీద కూలెంట్ మట్టానికి మార్కర్‌తో గీత పెట్టండి. మర్నాడు పొద్దున మళ్లీ చల్లటి ఇంజిన్ మీదే ఆ గీతతో పోల్చాలి, వేడి మీద చూస్తే లెక్క తప్పుతుంది. అట్ట పొడిగా ఉండి మట్టం కొద్దిగా దిగితే కంగారు పడకండి. లోపల చిక్కుకున్న గాలి బయటికి పోయినప్పుడు అలా దిగడం మామూలే. కొంచెం నింపి మళ్లీ చూడండి. రోజూ దిగుతూనే ఉంటే అప్పుడు వెతకాలి.

చోటు పట్టుకోవడం

చుక్క రాలిన చోటికి నేరుగా పైన లీకు ఉందనుకోవద్దు. కూలెంట్ ఇంజిన్ ఒంటి మీదుగా జారుతూ, ఫ్యాన్ గాలికి పక్కకు కొట్టుకుపోతూ ఎక్కడో రాలుతుంది. టార్చి, చిన్న అద్దం పట్టుకుని తడిని కింది నుంచి పైకి వెంబడించండి. అన్నిటికంటే పైన ఎక్కడ తడి ఉందో అక్కడే మూలం. ఎండిపోయిన తెల్లటి పొక్కు గానీ పచ్చ, గులాబీ రంగు పొక్కు గానీ కనబడితే అదీ సాక్ష్యమే.

ముందుగా మొన్న మీ చెయ్యి పడిన చోట్లు చూడండి. హౌసింగ్ జాయింటు, మీరు ఊడదీసిన హోస్ పైపు, గాలి తీయడానికి వదులు చేసిన స్క్రూ, హౌసింగ్‌కు సెన్సర్ ఉంటే దాని చుట్టూ, రేడియేటర్ మూత. పని చేయక ముందు లేని లీకు పని చేశాక వచ్చిందంటే అనుమానం వీటి మీదే. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, దాన్నీ ఒకసారి చూడండి. అక్కడి నుంచి కారుతుంటే పంపు సీలు పోయిందని అర్థం. మీ పనికీ దానికీ సంబంధం ఉండకపోవచ్చు.

కంటికి దొరకకపోతే ప్రెషర్ టెస్టర్ కావాలి. రేడియేటర్ మూత స్థానంలో బిగించే చిన్న చేతి పంపు అది, మీటర్ కూడా ఉంటుంది. బెంగళూరులో స్పేర్ల కోసం జేసీ రోడ్డుకు వెళ్లినప్పుడు "అన్నా, రేడియేటర్ ప్రెషర్ టెస్టర్ ఉందా?" అని అడగండి. కొనలేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర గంటసేపు అడిగి తెచ్చుకోండి. మీ మూత మీద అది పట్టి ఉంచే ప్రెషర్ 0.9 అనో 1.1 అనో (దాదాపు బార్‌లలో) ఉంటుంది. కొన్నిటి మీద 88, 108 అని కిలోపాస్కల్స్‌లో ఉంటుంది. అంతవరకే పంపు కొట్టాలి, దాటితే మంచి పైపులు కూడా దెబ్బతింటాయి. పదిహేను నిమిషాలు ఆగి మీటర్ చూడండి. ముల్లు దిగుతుంటే టార్చి పట్టుకోండి, ఎక్కడో చెమ్మ ఊరుతూ కనబడుతుంది. ఇంజిన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడే ఇదంతా చేయవచ్చు కాబట్టి చేతులకు ప్రమాదం లేదు. ఈ పద్ధతి నాకు అందుకే ఇష్టం.

టెస్టర్ లేకుండా ఇంజిన్ వేడెక్కించి చూసేవాళ్లు చున్నీ, పొడుగు చేతుల చొక్కా లేకుండా చూసుకోండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా దానంతటదే తిరగొచ్చు. వేడి మీద మూత తీయడం ఎప్పుడూ వద్దు.

ఇంకో సంగతి. డిసెంబరు, జనవరి చలి పొద్దుల్లో మాత్రమే కారి, బండి వేడెక్కగానే ఆగిపోయే లీకులుంటాయి. చలికి రబ్బరు, లోహం ముడుచుకుని హోస్ క్లిప్పు దగ్గర సందు వస్తుంది. వేడి మీద ఎంత వెతికినా ఇవి దొరకవు, పొద్దున్నే చూడాలి.

చుక్కలే కదా అని వదిలేయకూడదు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజిన్‌లో కూలెంట్ 110 డిగ్రీలకు కూడా మరగకుండా నిలబడేది మూత పట్టి ఉంచే ప్రెషర్ వల్లే. లీకు ఉంటే ఆ ప్రెషర్ నిలవదు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కున్న రోజు దాని ఫలితం తెలుస్తుంది.

హౌసింగ్ జాయింటే అయితే

మళ్లీ విప్పక తప్పదు. కూలెంట్‌ను శుభ్రమైన గిన్నెలోకి దించి, బోల్టులు తీసి, హౌసింగ్ మెల్లగా ఊడదీయండి.

ఊడగానే తుడిచేయకండి. ముందు ప్యాకింగ్‌ను గమనించండి. ఒకవైపు నొక్కుకుపోయి, రెండోవైపు కొత్తగానే ఉంటే బోల్టులు సమంగా బిగించలేదు. అంచు మీద అర్ధచంద్రాకారంలో గాటు ఉంటే, బిగించేటప్పుడు థర్మోస్టాట్ గాడిలోంచి జారి మధ్యలో ఇరుక్కుంది. కింద ఇంకో పల్చటి పొర అంటుకుని ఉంటే అది పాత ప్యాకింగే. కుక్కర్ మూత గ్యాస్కెట్ కింద అన్నం మెతుకు ఇరుక్కుంటే ఆవిరి ఎలా తన్నుకొస్తుందో, ఆ పాత పొర పీలిక వల్ల కూలెంట్ అలాగే వస్తుంది.

ఈ లీకుల్లో అసలు పని రెండు ముఖాలూ శుభ్రం చేయడమే, తొందరపడకండి. లోపలికి చెత్త పడకుండా రంధ్రంలో గుడ్డ కుక్కండి. పాత ప్యాకింగ్‌ను ప్లాస్టిక్ గీకుడుతో తీయండి. బ్లేడు వాడాల్సి వస్తే పడుకోబెట్టి నడపాలి, నిలువుగా పెడితే అల్యూమినియం మీద గీత పడుతుంది, ఆ గీతే రేపటి లీకు. తర్వాత స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి వెనక టార్చి వెయ్యండి. కింద నుంచి వెలుగు కనబడితే ముఖం వంగింది. బోరు నీళ్లు పోసిన బండ్లలో తుప్పు తిన్న గుంటలు కూడా కనిపిస్తాయి. వంకరా పగులూ ఉంటే హౌసింగ్ మార్చడమే, అతికించడాలు ఈ వేడికీ ప్రెషర్‌కూ ఆగవు.

ఒకసారి నలిగిన ప్యాకింగ్‌ను మళ్లీ వాడొద్దు. రబ్బరు రింగు రకమైతే కొంచెం కూలెంట్ రాసి కూర్చోబెట్టండి, దానికి సీలెంట్ అక్కర్లేదు. కాగితం రకానికి కంపెనీ మాన్యువల్ చెబితేనే సీలెంట్ రాయాలి, అదీ పల్చటి పొర. ఎక్కువైనది లోపలికి పొంగి, ఊడి, రేడియేటర్ సన్న గొట్టాల్లో చేరుతుంది. సీలెంట్ వాడితే ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చాకే కూలెంట్ పొయ్యాలి.

థర్మోస్టాట్ స్ప్రింగు ఇంజిన్ వైపు, గాలి పోయే చిన్న పిన్ను ఉంటే అది పైవైపు. గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూడండి. బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. 10 నంబరు స్పానర్ పట్టే బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ సరిపోతుంది. ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూసుకోండి.

హోస్ అయితే

పని చిన్నదే. స్ప్రింగు క్లిప్పు పైపు మీది పాత అచ్చులోనే కూర్చోవాలి. స్క్రూ క్లిప్పయితే హౌసింగ్ మూతి మీది గట్టును దాటి లోపలికి ఉండాలి. పైపు కొస గట్టిపడి, చీలికలు కనబడితే కొత్త పైపు వేయండి.

పాతకాలపు డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు వేసేవాళ్లు. ఇప్పుడు సీసాల్లో దొరికే లీక్ స్టాప్‌లు చేసేది కూడా ఆ పనే. దారి మధ్యలో ఇంకో దిక్కు లేనప్పుడు తప్ప రెండూ వద్దు. రంధ్రాన్ని మూసే పదార్థం హీటర్ గొట్టాలను కూడా మూస్తుంది.

నింపేటప్పుడు

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు చాలా అపార్ట్‌మెంట్లకు వచ్చేది బోరు లేదా ట్యాంకర్ నీళ్లే. ఆ ఉప్పు ఇంజిన్‌లో గారలా పేరుకుంటుంది. కలిపి అమ్మే కూలెంట్ పొయ్యండి, చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. రంగు ఒకటైతే రకం ఒకటే అనుకోవద్దు, మాన్యువల్‌లో చెప్పిన రకమే వాడండి. దించిన కూలెంట్ మురికి అయితే సీసాలో పోసి గ్యారేజీకి ఇవ్వండి, కాలువలో పారబోయకండి. కింద ఒలికింది వెంటనే కడగండి. తీపిగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కొంచెం తాగినా ప్రాణం పోతుంది.

టెస్టర్ ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే ముందు సీటు కింద కార్పెట్ తడిమి చూడండి, తడిగా ఉంటే హీటర్ లోపల లీకు. ఆయిల్ మూత కింద పాలలాంటి నురగ గానీ, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ గానీ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది బ్లాకుకూ మధ్య ఉండే ప్యాకింగ్) పోయిందని అనుమానించాలి. ఆ బండిని నడపకండి, మెకానిక్‌ను ఇంటికే పిలవండి.

వచ్చే పాఠం సిస్టమ్‌లోంచి గాలి తీయడం గురించి. ఈలోగా మీ రేడియేటర్ మూత మీది అంకెను రాసి పెట్టుకోండి, అక్కడ అది కావాలి.