కనుమ నాటి కడుపునొప్పిని గ్యాస్ అనుకోకండి

పోయిన శనివారం రాత్రి మా మందుల షాపు షట్టర్ సగం దించాక ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయేమో. సంక్రాంతికని హైదరాబాద్ నుంచి ముందే ఊళ్లో దిగిపోయాడు. నిటారుగా నిలబడలేక కౌంటర్ అద్దం మీద రెండు మోచేతులూ ఆనించి, నుదురు కూడా ఆనించేశాడు. "గేస్ తన్నేసింది బాబూ, మంచి మాత్రొకటి ఇయ్యండి" అన్నాడు. బెంచీ మీద పడుకోమంటే వల్ల కాదన్నాడు. ముందుకు వంగి కూర్చుంటేనే కాస్త నయమట. మాత్ర ఇవ్వకుండా ఆటో ఎక్కించి శ్రీకాకుళం పంపాను. లైపేజ్ అనే రక్తపరీక్ష చేసి, క్లోమం (పాంక్రియాస్) వాచిందని అడ్మిట్ చేసుకున్నారు.

ఇందులో నా గొప్పేమీ లేదు. నాలుగేళ్ల కిందట ఇలాగే వంగిపోయి వచ్చిన మనిషికి ఇదే కౌంటర్ మీద నుంచి గ్యాస్ మాత్రలు, ఒక సిరప్ సీసా అమ్మాను. ఆ రోజు కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ ఇంట్లో వాళ్లూ కదల్లేదు. ముక్కనుమ సాయంత్రం విశాఖ తీసుకెళ్లేసరికి మూత్రం ఆగిపోయింది. బతకలేదు.

నూనె తగ్గించండి, నడవండి అని మీకు అందరూ చెప్పేదే, నేను మళ్లీ చెప్పను. నేను చెప్పేది ఒక్కటే: పొట్ట పైభాగంలో పట్టేసిన నొప్పిని గ్యాస్ అనుకుని రాత్రి గడిపేయకండి. గ్యాస్ నొప్పి అయితే సాధారణంగా త్రేన్పు వస్తేనో, గాలి పోతేనో తేలికపడుతుంది. క్లోమం నొప్పి ఒకచోట మొదలై వీపులోకి దూసుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది. వాంతి అయినా తగ్గదు. కొన్నిసార్లు గుండెపోటు కూడా ఇలా పొట్టనొప్పిలాగే వస్తుంది, అందుకే వెళ్లగానే ఈసీజీ కూడా తీయమని అడగండి.

క్లోమం ఇలా వాచడానికి ముఖ్యంగా రెండు కారణాలు: పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్‌లో) రాళ్లు, మద్యం. మూడోది రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 1000 దాటడం. షుగర్ అదుపులో లేనివాళ్లు మూడు రోజులు వరసగా తాగితే అంతవరకూ పోవచ్చు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ షుగరు, ఈ కొవ్వు ముందే ఉంటాయి. స్కానింగ్‌లో గ్రేడ్ 1 అని వస్తే "అందరికీ ఉన్నదే" అని కాగితం మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టేస్తారు. ఆ గ్రేడు కొవ్వు ఎంతుందో చెబుతుంది గానీ లివర్ ఎంత గట్టిపడిందో చెప్పదు. అది అంచనా వేయడానికి వయసు, రక్తపరీక్షలో వచ్చే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు కలిపి లెక్కకట్టే ఫిబ్-4 అని ఒకటుంది, డాక్టర్ని అడగండి. సన్నగా ఉన్నాం కదా అనుకోవద్దు. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాల్సిందే.

బరువు తగ్గితే లివర్‌లో కొవ్వు దిగుతుంది. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 6 నుంచి 8 కిలోలు తగ్గితే వాపు కూడా దిగుతుంది. అయితే పండగకు ముందు పది రోజులు ఒంటిపూట అంబలి తాగి తగ్గిపోదామనుకోకండి. బరువు మరీ వేగంగా పడిపోతే పిత్తాశయంలో రాళ్లు తయారవుతాయి. చోడి (రాగి) అంబలి మంచిదే, ఆ తొందరే మంచిది కాదు.

ఇక పండగ మూడు రోజులకు.

రాళ్లున్నాయని తెలిసీ ఆపరేషన్ వాయిదా వేసుకున్నవాళ్లు నాటుకోడి కూర, గారెల దగ్గర చెయ్యి ఆపుకోండి. ఎక్కువగా చిన్న రాయే జారి నాళంలో ఇరుక్కుంటుంది.

ఒకసారి క్లోమం వాచినవాళ్లు చుక్క కూడా ముట్టుకోవద్దు. కల్లు కూడా మందే. "ఒక్క గ్లాసే బావా" అని పోసే చుట్టం రేపు ఆసుపత్రి వరండాలో కనబడడు.

నాటుసారా వద్దు.

షుగర్ మాత్ర మానకండి. పండగ నాడు అరిసెలు తింటారు, మాత్ర మాత్రం మరిచిపోతారు.

తాగిన తలనొప్పికి పారాసెటమాల్ వరసగా మింగకండి.

లివర్‌కి మంచిదని ఎవరో చెప్పిన పసర్లు, తిప్పతీగ కషాయం తాగకండి. తిప్పతీగతో లివర్ వాచిన కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి.

నొప్పి ఇంజక్షన్ పొడిపించుకోకండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్లకు మరీ మరీ చెబుతున్నాను. క్లోమం వాచినప్పుడు రక్తనాళాల్లో నీరు తగ్గిపోతుంది. ఆ టైంలో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు పడితే ముందే నీరసించిన కిడ్నీ తట్టుకోదు.

నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి మజ్జిగ, సోడా, ఉప్మా పెట్టకండి.

కళ్లు పచ్చబడినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా ఇంకెవరినీ అడగకండి, బయల్దేరండి.

ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు, పాత స్కానింగ్ కాగితాలు భోగి నాడే ఒక కవర్లో పెట్టి తలుపు పక్కన తగిలించండి. ఊళ్లో ఆ రోజు తాగకుండా ఉండే డ్రైవర్ ఎవరో ముందే కనుక్కోండి, ఇది నవ్వులాటకి చెప్పడం లేదు.

గ్యాస్ అనుకోకండి. గంట దాటినా వదలకపోతే 108కి ఫోన్ చేయండి. కనుమైనా సరే. మా షాపు ఆ మూడు రోజులూ తెరిచే ఉంటుంది. వంగిపోయి వచ్చినవాళ్లకు మాత్ర ఇవ్వను, ఎన్ని తిట్టినా ఇవ్వను.