క్యాంపస్ సహాయ కేంద్రానికి వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

క్యాలిఫోర్నియాలో వలస పత్రాలు లేకుండా చదువుకుంటున్న విద్యార్థి, తనలాంటివారికి తోడ్పడే క్యాంపస్ సహాయ కేంద్రానికి వెళ్లే ముందు, తనకు ఏ ఆర్థిక సహాయ దరఖాస్తు వర్తిస్తుందో తేల్చుకోవాలి. డాకా రక్షణ (చిన్నప్పుడే అమెరికాకు వచ్చినవారిని తిప్పి పంపకుండా తాత్కాలికంగా ఆపే ఏర్పాటు), సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్నప్పటికీ ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) ఆర్థిక సహాయానికి అర్హత రాదు కనుక, రాష్ట్రం నడిపే క్యాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ దరఖాస్తునే నింపాలి. ఎంత తొందరలో ఉన్నా, ఏ ఫారంలోనూ అమెరికా పౌరుడినని టిక్కు పెట్టకూడదు; ఆ ఒక్క గడి రేపు గ్రీన్‌కార్డుకు శాశ్వతంగా అడ్డుపడవచ్చు.

2001 నాటి ఏబీ 540 చట్టం కింద రాష్ట్ర స్థానికులకు వర్తించే తక్కువ ఫీజు కోరేవారు, రాష్ట్రంలో చదివిన సంవత్సరాలను చూపే మార్కుల పత్రాలను, సంతకం చేసిన ప్రమాణపత్రాన్ని సిద్ధం చేసుకోవాలి.

సహాయ కేంద్రం సిబ్బంది మేలు కోరేవారే. అయినా, 1974 నాటి ఫెర్పా చట్టం విద్యా రికార్డులను కాపాడుతున్నా కోర్టు ఉత్తర్వులకు అందులో మినహాయింపు ఉంది కాబట్టి, వలస స్థితి వివరాలను ఈమెయిల్‌లో రాయకుండా ముఖాముఖి చెప్పడం మంచిది. చట్టపరమైన చిక్కులను న్యాయవాదికే విప్పి చెప్పాలి. యూనివర్సిటీ ఆఫ్ క్యాలిఫోర్నియా విద్యార్థులకు డేవిస్ న్యాయ కళాశాలలోని వలస న్యాయసేవా కేంద్రం ఉచితంగా సాయం చేస్తుంది.

హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసాపై పెరిగిన మన తెలుగు పిల్లలు కూడా దీన్ని పట్టించుకోవాలి: 21 ఏళ్లు నిండితే ఆ హోదా నిలవదు గనుక, కనీసం ఏడాది ముందే న్యాయవాదిని కలవాలి.

డాకా ఉన్నవారు, అడ్వాన్స్ పెరోల్ (విదేశం వెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) చేతికి రానిదే, కళాశాల ఏర్పాటు చేసిన విదేశీ పర్యటనకైనా సరే ఒప్పుకోకూడదు.