పాత లగ్జరీ కారు రాత్రిపూట కుంగుతోందా? దర్జీ టేపుతో తేల్చుకోవచ్చు

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్లు బండి బరువును మోసే ఏర్పాటు) ఉన్న కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, రాత్రి గాలి కారి ఒక మూల కుంగినా, ఉదయం ఇంజన్ వేయగానే కంప్రెసర్ (గాలి నింపే పంపు) బండిని మళ్లీ పైకి లేపేస్తుంది కనుక లోపం కంటబడదు.

సాయంత్రం బండిని చదునైన నేలపై నిలిపి, తాళం వేసిన అరగంట తరువాత, చక్రం మధ్యబిందువు నుండి ఫెండర్ (చక్రం పైనుండే బాడీ భాగం) అంచు వరకు నాలుగు వైపులా కొలిచి మిల్లీమీటర్లలో రాసుకోవాలి. నేల నుండి కొలిస్తే టైర్లలోని గాలి లెక్క చెడగొడుతుంది. అనంతపురంలో మా వీధి వాలుగా ఉండడంతో నేను ఒక కల్యాణమండపం ఆవరణను ఆశ్రయించవలసి వచ్చింది. మర్నాడు తలుపు తీయకముందే మళ్లీ కొలవాలి, ఎందుకంటే కొన్ని బండ్లు తలుపు తీయగానే ఎత్తు సరిచేసుకుంటాయి.

నాలుగు మూలలూ సమానంగా కొద్దిగా దిగితే అది చలికి గాలి కుంచించుకుపోవడమే కావచ్చు. ఒక్క మూలే 10, 15 మిల్లీమీటర్లు దిగితే, అర లీటరు నీటిలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు చెంచాలు కలిపి, స్టాండ్లపై భద్రంగా నిలిపిన బండిలో ఆ మూల పైపు జాయింట్లపైనా ఎయిర్ బెలూన్ మడతలపైనా చల్లి బుడగల కోసం చూడాలి. మా బండిలో బుడగలు జాయింటు దగ్గరే వచ్చాయి కాబట్టి బెలూన్ మార్చే ఖర్చు తప్పింది.

అయితే బండి కదులుతున్నప్పుడు మాత్రమే విచ్చుకునే పగులు ఈ పరీక్షకు దొరకదు.