మళ్లీ దారి పట్టే దంపతులకు నడక పాఠాలు – 4: దిగుడు

గత మూడు పాఠాల్లో చదును నేల మీద నడక, వీపున బరువుతో నడక, ఆ తర్వాత ఎక్కుడు నేర్చుకున్నాం. ఇద్దరూ మాట్లాడుకుంటూ ఓ మోస్తరు గుట్ట ఎక్కగలుగుతుంటే ఈ పాఠానికి సిద్ధమైనట్టే. మాట మధ్యలో ఆగిపోయేంత ఆయాసం వస్తుంటే మూడో పాఠంలోనే ఇంకో రెండు వారాలు ఉండండి. బీపీకి, గుండెకి మందులు వాడేవాళ్లు నాడి లెక్క కంటే ఈ మాటల పరీక్షనే నమ్మాలి. కొన్ని మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి నాడి చూసుకుంటే తేలిగ్గా నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సుదూర ట్రెక్కింగ్‌కి బయల్దేరే జంటలకు ఉండే మొదటి భయం, ఎక్కగలమా అని. నిజానికి ఎక్కుడు మనల్ని ఎప్పటికప్పుడు హెచ్చరిస్తూనే ఉంటుంది. రొప్పు వస్తుంది, ఆగుతాం, నీళ్లు తాగుతాం, మళ్లీ కదులుతాం. దిగేటప్పుడు ఊపిరి హాయిగా ఆడుతుంది, కబుర్లు సాగుతాయి, అడుగులు వాటంతటవే పడుతున్నట్టుంటాయి. దాని సంగతి తెలిసేది ఎల్లుండి పొద్దున మంచం దిగేటప్పుడు. ఒక్కరోజు నడకైతే ఎల్లుండి ఇంట్లో పడుకోవచ్చు. రోజుల తరబడి సాగే దారిలో ఆ ఎల్లుండి కూడా నడవాల్సిన రోజే. అందుకే మీరు ఎంత దూరం వెళ్లగలరో తేల్చేది మీ దిగుడే అని నేను గట్టిగా నమ్ముతాను. ఈ పాఠానికి మిగతావాటికంటే ఎక్కువ టైమ్ ఇవ్వమని అడుగుతున్నది కూడా అందుకే.

దిగేటప్పుడు కాళ్లలో జరిగేది

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒళ్లు ఒక్కసారిగా కిందికి పడిపోకుండా బ్రేకు వేస్తుంది. ఇలా సాగుతూ బరువు ఆపడం వల్ల కండరం లోపల కంటికి కనపడనంత సన్నటి చీలికలు వస్తాయి. వాటి నొప్పి వెంటనే తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. వయసులో ఉన్నప్పుడు ఇవి గబగబా మానేవి. అరవై దాటాక ఆలస్యం అవుతుంది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లు మరీ నిదానం. కండరం వారాల్లో బలపడితే వాటికి నెలలు పడుతుంది. ఊపిరి కుదుటపడింది కదా అని దూరం పెంచేసినవాళ్లకు మోకాలిచిప్ప కింద, మడమ వెనక నొప్పి పట్టుకునేది ఇందువల్లే.

మనకు కలిసొచ్చే విషయం కూడా ఒకటుంది. ఒకసారి కొద్దిపాటి దిగుడు దిగి, ఆ నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఆగితే, తర్వాతి దిగుడుకి అదే కండరం అంతగా దెబ్బతినదు. ఈ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. పెద్ద వయసులోనూ పనిచేస్తుంది. కాబట్టి దిగుడుని మందులాగా మోతాదు చూసుకుని తీసుకోవాలి.

ముందు ఒక్క మెట్టు

ఇంట్లో మెట్ల దగ్గర, అన్నిటికంటే కింది మెట్టు మీద మొదలుపెట్టండి. ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకపోతే మంచిది. గోడకో రెయిలింగ్‌కో చేయి ఆనించి, కుడికాలి మీద మెట్టు అంచున నిలబడండి. ఎడమకాలు ముందుకు గాల్లో ఉంటుంది. కుడి మోకాలు వంచుతూ, మనసులో నాలుగు లెక్కపెట్టుకుంటూ, ఎడమ మడమ నేలకు తాకేదాకా దిగండి. మడమ తాకాలి అంతే, దాని మీద బరువు వేయకూడదు. మళ్లీ అదే కుడికాలి బలంతో పైకి రండి. కాలికి ఎనిమిది సార్లు, కాస్త ఆగి ఇంకో విడత. రోజు విడిచి రోజు చాలు.

జంటగా చేయడం వల్ల అసలు లాభం ఇక్కడే. ఒకరు చేస్తుంటే ఇంకొకరు ఎదురుగా కూర్చుని మోకాలినే చూడాలి. వంగే మోకాలు ఆ పాదం రెండో వేలి వైపుకే వెళ్లాలి. చాలామందికి సగం దిగేసరికి మోకాలు లోపలికి, రెండో కాలి వైపు వాలిపోతుంది. తుంటి కూడా ఒక పక్కకి జారుతుంది. చేసేవాళ్లకి ఇది తెలియనే తెలియదు, చూసేవాళ్లకి స్పష్టంగా కనిపిస్తుంది. అలా వాలితే మెట్టు ఎత్తు తగ్గించండి. గట్టిగా ఉండే మందపాటి పలక మీద చేసినా ఫరవాలేదు. చూసేవాళ్లు కాసేపు కళ్లు మూసుకుని చప్పుడు కూడా వినండి. మడమ నేలకు తగిలినప్పుడు 'టప్' మని వినపడితే చివరి రెండు అంగుళాలు కండరం వదిలేసిందన్నమాట. చప్పుడు లేకుండా దిగగలిగిన ఎత్తే ప్రస్తుతానికి మీ ఎత్తు.

తొడలో మంట పుడితే కంగారు పడకండి. మోకాలి లోపల గుచ్చినట్టు నొప్పి వచ్చినా, మర్నాడు మోకాలు వాచినా ఆపేసి డాక్టర్‌కి చూపించాలి. నడుస్తుంటే అదే సర్దుకుంటుందిలే అనుకోవద్దు.

వాలు మీద అడుగు

దిగుడులో భయం వేయగానే మనిషి వెనక్కి వాలతాడు. అప్పుడే పాదం ముందుకు జారిపోతుంది. ఛాతీ పాదాల మీదికి ఉండాలి, మోకాళ్లు కాస్త వదులుగా వంగి ఉండాలి. అడుగు చిన్నది వేయండి. పెద్ద అడుగు వేసిన ప్రతిసారీ బ్రేకు పని పెరుగుతుంది. చూపు మూడు నాలుగు అడుగుల ముందు ఉంటే చాలు. దారి వంపులు తిరుగుతూ దిగుతుంటే ఆ వంపుల్నే పట్టుకుని వెళ్లండి. అడ్డంగా కోసుకుని దిగితే మోకాళ్లకీ చేటు, వాన నీళ్లు ఆ గాడి పట్టుకుని దారిని కోసేస్తాయి.

ట్రెక్కింగ్ పోల్స్ వద్దనేవాళ్లు ఇంకా కనిపిస్తుంటారు. ముసలివాళ్లం అనిపించుకోవడం ఇష్టం లేక కావచ్చు. దిగేటప్పుడు మోకాలి మీద పడే భారంలో కొంత అవి చేతులకు పంచుతాయి. ఇద్దరూ రెండేసి కర్రలు పట్టుకోవాలని నా సలహా. చదును నేల మీద మోచేయి 90 డిగ్రీలు వంగే పొడవు పెట్టుకుని, దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచండి. చేతిని పట్టీలోకి కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో సహా పిడి పట్టుకుంటే బరువు మణికట్టు మీదుగా పట్టీకి వెళ్తుంది, వేళ్లు నొప్పి పుట్టవు. కర్ర ముందు నేలలో దిగాలి, పాదం తర్వాత పడాలి. రాళ్ల సందుల్లో కర్ర ఇరుక్కునే చోట మాత్రం చేతులు పట్టీల్లోంచి తీసేయండి. అక్కడ పడితే పట్టీ బొటనవేలిని మెలిపెట్టేస్తుంది.

బూట్ల గురించి క్లుప్తంగా: పాదాలు సాయంత్రానికి ఉబ్బుతాయి, కాబట్టి సాయంత్రం కొనండి. వయసుతో పాటు పాదం పొడవు, వెడల్పు పెరుగుతాయి కనుక పాత సైజును నమ్మకుండా మళ్లీ కొలిపించుకోండి. దిగే ముందు చీలమండ దగ్గర లేసు బిగించండి. గోళ్లు ముందే కత్తిరించుకోండి.

కళ్లద్దాల మాట

దీన్ని పాఠం మధ్యలో విడిగా పెట్టడానికి కారణం ఉంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం దగ్గరగా చదవడానికి చేసింది. దిగేటప్పుడు మనం నేల చూసేది సరిగ్గా ఆ భాగంలోంచే. రాయి అంచు మసకబారుతుంది, లోతు అంచనా తప్పుతుంది. దూరం చూపుకి మాత్రమే చేయించిన మామూలు జోడు ఒకటి నడకకి విడిగా పెట్టుకోండి. మ్యాపు చదవడానికి చిన్న అద్దాలు జేబులో ఉంటే సరిపోతుంది. మీ కళ్ల డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. ఇంకో జత కూడా బ్యాగులో ఉండాలి. అమెరికాలో మూడు వేల కిలోమీటర్లు దాటిన అపలాచియన్ ట్రెయిల్‌ని ఒంటరిగా ఒకే సీజన్‌లో పూర్తిచేసిన మొదటి మహిళ ఎమ్మా గేట్‌వుడ్. 1955లో, 67 ఏళ్ల వయసులో సాధించారు. అంతకుముందు ఏడాది చేసిన ప్రయత్నంలో దారి తప్పి, కళ్లద్దాలు పగిలి, వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

ఇద్దరిలో ముందు ఎవరు

నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలని ఇదివరకు చెప్పుకున్నాం. దిగుడులో ఆ మనిషి మారొచ్చు. ఎక్కుడులో చకచకా వెళ్లేవాళ్లకి కూడా మోకాళ్లు బలహీనంగా ఉండొచ్చు. కాబట్టి పైకి చేరాక ఐదు నిమిషాలు కూర్చుని రెండు మార్పులు చేయండి. మొదటిది, దిగుడు కష్టమయ్యేవాళ్లు ముందుకు రావాలి. రెండోది, బరువు మార్చుకోవాలి. టెంటు, స్టవ్ లాంటి ఉమ్మడి సామాను దిగడంలో గట్టిగా ఉన్నవాళ్ల బ్యాగులోకి వెళ్లాలి. నీళ్లు, విజిల్, హెడ్‌ల్యాంప్, సొంత మందులు, వెచ్చటి బట్ట మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. మందులు వాడేవాళ్లు కూర్చున్నచోటు నుంచి ఉన్నపళంగా లేవొద్దు, తల తిరిగే అవకాశం ఉంటుంది.

అన్నిటికంటే కష్టం, నిజం చెప్పుకోవడం. "బాగానే ఉందా?" అని అడిగితే ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషి "ఆ, బాగానే ఉంది" అనే అంటారు. మనవల్ల ఎదుటివాళ్ల సరదా పాడవకూడదన్న మొహమాటం, కొంచెం పంతం. ఈ ప్రశ్న మానేయండి. "మోకాళ్లు పదికి ఎంత?" అని అడగండి. సున్నా అంటే నొప్పి లేదు. అంకె చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు. అరగంటకోసారి ఇద్దరూ చెప్పాలి, నొప్పి లేనివాళ్లు కూడా. ఎవరి అంకె నాలుగు దాటినా ఆగి కూర్చోవాలి. ఆరు దాటితే ఆ రోజు దూరం తగ్గించుకోవాలి. ఈ అంకెలు నేను పెట్టుకున్నవి, మీకు నప్పేలా మార్చుకోండి. అంకె విన్నాక వాదన ఉండకూడదన్న షరతు మాత్రం మార్చొద్దు.

టైమ్ లెక్క

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఇందులో దిగుడు లెక్కే లేదు. తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే మరో పర్వతారోహకుడు దాన్ని సవరించారు. 5 నుంచి 12 డిగ్రీల వాలైతే ప్రతి 300 మీటర్ల దిగుడుకి 10 నిమిషాలు తీసేయాలి, అంతకంటే ఏటవాలైతే 10 నిమిషాలు కలపాలి. 12 కిలోమీటర్ల దారి, 600 మీటర్ల ఎక్కుడు, అంతే ఏటవాలు దిగుడు అనుకుందాం. 2 గంటల 24 నిమిషాలు, ఒక గంట, 20 నిమిషాలు కలిపితే 3 గంటల 44 నిమిషాలు. మళ్లీ మొదలుపెట్టే జంట దీన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలని నా లెక్క. అంటే ఐదున్నర గంటల పైనే. విరామాలు విడిగా కలుపుకోండి. తక్కువ వాలులో టైమ్ తీసేసే సౌలభ్యాన్ని అసలు వాడుకోవద్దు.

ఇంటిపని: మూడు వారాలు

మొదటి వారం మెట్టు అభ్యాసం, చదును నడక, అంతే. రెండో వారం ఒకే ఒక్కసారి, బరువు లేకుండా, సుమారు 150 మీటర్ల ఎత్తు దిగండి. కొండ అందుబాటులో లేకపోతే ఎత్తయిన భవనం మెట్లు పనికొస్తాయి. అంతస్తు సుమారు 3 మీటర్లు ఉంటుంది కాబట్టి పది అంతస్తులు ఐదుసార్లు దిగితే సరి. పైకి లిఫ్ట్‌లో వెళ్లండి, దిగేటప్పుడు రెయిలింగ్ పక్కనే ఉండండి. మర్నాడు, ఆ మర్నాడు పొద్దున మంచం దిగగానే ఇద్దరి అంకెలు ఒక పుస్తకంలో రాసుకోండి. రెండో రోజు అంకే ముఖ్యం. అది మూడుకి మించితే మూడో వారం కూడా అదే 150 మీటర్లు చేయండి. మించకపోతే ఎత్తు 250 మీటర్లకు పెంచవచ్చు, లేదా 150 మీటర్లే బరువుతో దిగవచ్చు. రెండూ ఒకే వారం పెంచొద్దు. బ్యాగు బరువు శరీర బరువులో ఐదో వంతు దాటకూడదనేది నడిచేవాళ్లలో వాడుకలో ఉన్న మాట, మీరు అందులో సగంతో మొదలుపెట్టండి. 60 కిలోల మనిషికి 6 కిలోలు.

ఇద్దరి అంకెలూ ఒకేలా ఉండాలని లేదు. ఎక్కువ అంకె వచ్చినవాళ్లదే ఇద్దరికీ వర్తిస్తుంది. వచ్చే పాఠంలో వరసగా రెండు రోజుల నడక, మధ్యలో ఆరుబయట ఒక రాత్రి. ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి, అక్కడ మీ రోజువారీ దూరం దాన్నిబట్టే వేసుకుంటాం.