1 నుంచి 9 దాకా అంకెలతో 100: ప్రోగ్రాం ఇలా రాయండి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర సాయంత్రం పూట డిప్లొమా పిల్లలకు పైథాన్ చెబుతుంటాను. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) అంటే టెన్షన్ పడేవాళ్లకు ముందుగా ఇచ్చే లెక్క ఇదే. 1 నుంచి 9 దాకా అంకెలు వరుస మార్చకుండా రాయాలి. మధ్యలో ప్లస్ పెట్టొచ్చు, మైనస్ పెట్టొచ్చు, ఏమీ పెట్టకుండా పక్కపక్కన అతికించొచ్చు. విలువ మాత్రం 100 రావాలి.

మధ్యలో ఖాళీలు 8, ఒక్కోదానికి 3 దారులు. మొత్తం 6,561 ఎక్స్‌ప్రెషన్లు. కంప్యూటర్‌కు ఇదేం పెద్ద పని కాదు, అన్నీ చూసేయొచ్చు.

ఎక్స్‌ప్రెషన్‌ను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా కట్టి, దాని విలువ లెక్కగట్టే పైథాన్ ఫంక్షన్ ఇవాల్‌కు ఇచ్చినా జవాబొస్తుంది, కానీ రికర్షన్ రాదు. అందుకే ఫంక్షన్‌కు మూడు విలువలు పంపండి: తర్వాతి అంకె, ఇప్పటిదాకా వచ్చిన మొత్తం, గుర్తుతో సహా చివరి సంఖ్య. ప్లస్, మైనస్ తేలికే. అతికించే దగ్గరే అందరూ ఆగిపోతారు. 1-2 దగ్గర మొత్తం -1, చివరి సంఖ్య -2. దాని పక్కన 3 చేర్చాలంటే, ముందు మొత్తంలోంచి -2 తీసేయండి, 1 మిగులుతుంది. -2ను పదితో గుణించండి. మైనస్ సంఖ్య కాబట్టి 3 కలపకూడదు, తీసేయాలి: -23. కొత్త మొత్తం -22. ఈ అడుగు నోట్‌బుక్‌లో చేత్తో వేసేదాకా నేనెవరినీ కీబోర్డు ముట్టనివ్వను.

9 అయ్యాక మొత్తం 100 ఉంటే ప్రింట్ చేయండి. 1 ముందు మైనస్ లేకుండా సరిగ్గా 11 జవాబులు రావాలి. 123-45-67+89 వాటిలో ఒకటి. లెక్క తేడా వస్తే ముందుగా ఆ మైనస్ అతికింపే చూడండి.